వాష్‌బేసిన్ చెప్పిన సాక్ష్యం

శవం మెట్ల కింద బోర్లా పడి ఉంది.

తల నేలకి కొట్టుకున్నట్టుంది. ఎడమకాలి బూటు ఊడి మధ్య మెట్టు మీదే ఆగిపోయింది. రెండు చేతులూ పెద్ద దుప్పట్ల మూటని ఇంకా కౌగిలించుకునే ఉన్నాయి. మూట ముడి వదులై, ఒక తెల్లటి దుప్పటి అంచు మెట్ల పొడుగునా పరుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ పైమెట్టు మీద ఆగాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఏ శవం ముందూ ఆ చిన్న ప్రార్థన మానలేదు. వెనక కుర్ర కానిస్టేబుళ్లు నవ్వుకుంటారని ఆయనకి తెలుసు. నవ్వుకోనీ.

చనిపోయినాయన ఈ లాండ్రీ యజమాని. అరవై దాటిన మనిషి. పైన కౌంటరూ, ఇస్త్రీ బల్లలూ. కింద సెల్లార్‌లో ఉతికే యంత్రాలూ, బాయిలరూ. రెంటికీ మధ్య ఈ ఇరుకు మెట్లు. గోడ వెంట ఆవిరి పైపు.

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"మధ్యాహ్నం రెండింటికి సార్. వీధంతా పోయింది," అన్నాడు ఆవిరి యంత్రం దగ్గర పనిచేసే ముసలాయన. ఆయన్ని అందరూ ఆవిరి తాత అంటారు. "యంత్రాలు ఆగిపోయాయి కదాని నేను బయట గాలికి నిలబడ్డాను. అరగంటకి లైట్లొచ్చాయి. వచ్చి చూస్తే ఇదిగో, అయ్యగారు ఇలా."

"పైన వెలుతురు ఉందా?"

"పైన కిటికీలున్నాయి సార్. మెట్ల మీదా, కిందా కటిక చీకటి. కంట్లో వేలు పెట్టినా కనపడదు."

"ఆ చీకట్లో ఆయన ఎందుకు దిగాడు?"

"ముప్ఫయ్యేళ్లుగా దిగుతున్న మెట్లు సార్. ఆయనకి దీపమెందుకు?"

"శవాన్ని ముందు చూసిందెవరు?"

తాత తల తిప్పాడు. ఇస్త్రీ బల్ల వైపు చూశాడు.

అక్కడ స్టూలు మీద ఒక నడివయసు ఆవిడ కూచుని ఉంది. చనిపోయినాయన తమ్ముడి భార్య. భర్త పోయినప్పటినుంచీ ఇక్కడే పని. పనివాళ్లకి ఆమె చిన్నమ్మ. ముఖంలో ఏడుపు లేదు. భయం లేదు. అసలు ఏమీ లేదు.

"నేనే చూశాను," అంది. "నేనే తోశాను."

కానిస్టేబుల్ చేతిలో కెమెరా ఆగిపోయింది.

"ఏమన్నారమ్మా?"

"బావగారి వెనకే చీకట్లో దిగాను. మధ్య మెట్టు మీద తోశాను. తీసుకెళ్లండి."

"ఎందుకు తోశారు?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. మరిచిపోయిన సరుకు గుర్తు చేసుకుంటున్నట్టు.

"నేను మంచిదాన్ని కాదు," అంది చివరికి.

ఇన్‌స్పెక్టర్ ఆమె కుడిచెయ్యి తిప్పి చూశాడు. అరచేతిలో పెద్ద కాలిన గాయం. కొత్తది. పొక్కులు కూడా ఇంకా ఆరలేదు.

"ఇదెక్కడిది?"

ఆమె గాయం వైపు వింతగా చూసుకుంది. "ఏమో," అంది.

కానిస్టేబుల్ మెట్ల పక్కన ఆవిరి పైపుని తాకి చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "తోసేటప్పుడు దీన్ని పట్టుకుని ఉంటుంది సార్!"

అంతలో డెలివరీ వ్యాన్ దిగి చనిపోయినాయన కొడుకు పరుగెత్తుకొచ్చాడు. తండ్రిని చూసి కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, విషయం విన్నాక, లేచి నిలబడ్డాడు.

"పిన్నీ! నీకు అన్నం పెట్టిన చేతినే..." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "పొద్దున ఇద్దరికీ పెద్ద గొడవైంది సార్. కస్టమర్ కోటు మాడ్చేసింది. రేపట్నుంచి ఇస్త్రీ బల్ల ముట్టుకోవద్దని నాన్న అరిచాడు. ఈ వీధంతా విన్నారు."

గొడవ ఉంది. గాయం ఉంది. ఒప్పుకోలు ఉంది.

సాయంత్రం పై ఆఫీసర్ ఫోన్ చేశాడు. "ఇంకేం కావాలయ్యా నీకు? రేపు సాయంత్రంలోగా కోర్టులో పెట్టు."

ఇన్‌స్పెక్టర్ "సరే సార్" అన్నాడు. కానీ ఆ ఒప్పుకోలు ఆయనకి మింగుడుపడలేదు. నేరం చేసినవాళ్లు కారణం దాస్తారు. ఈమె కారణం వెతుక్కుంటోంది.

*

చిన్నమ్మ కూతురు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. పాతికేళ్లుంటాయి. స్టేషన్‌కి వచ్చేసరికి ఆయాసంతో మాట రావడం లేదు.

"మా అమ్మ ఒప్పుకోనిది ఏముంది సార్? పోయిన నెల వీధిలో కుక్క చచ్చిపోతే తనే చంపానంది. టీవీలో ఎక్కడో వంతెన కూలిపోయిందంటే, నావల్లేనని మూడురోజులు అన్నం మానేసింది. వంతెన ఉన్న ఊరి పేరు కూడా తనకి పలకడం రాదు!"

"ఎప్పటినుంచి ఇలా?"

"ఏడాదిపైనే. అంతకుముందు మా అమ్మ నోరు మీరు వినలేదు. బేరమాడితే కూరగాయలవాడు దండం పెట్టి ఊరికే ఇచ్చేవాడు. నవ్వితే పక్కింటివాళ్లు గోడ కొట్టేవాళ్లు. ఇప్పుడు పిలిస్తే పలకదు. పొద్దున లేవదు. బతకడం దండగంటుంది."

"డాక్టర్‌కి చూపించలేదా?"

"చూపించకేం సార్! దిగులు జబ్బన్నారు. మాత్రలు రాశారు. వేస్తూనే ఉన్నాను. రక్తం కూడా చూశారు. రక్తం బాగానే ఉందన్నారు. బలం కోసం నేను టానిక్ కూడా పట్టిస్తున్నాను. ఒక్క పూట మానలేదు."

"అయితే చెయ్యని నేరం నెత్తిన వేసుకుందంటావు. రుజువు?"

"రుజువు పట్టాల్సింది మీరు కదా సార్! నేను కళ్లద్దాలు అమ్ముకునేదాన్ని."

ఆయనకి కోపం రాలేదు. ఆ అమ్మాయి టేబుల్ అంచుని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"సార్, మా అమ్మని జైల్లో పెడితే అక్కడ హాయిగా ఉంటుంది," అంది నెమ్మదిగా. "ఇదే నాకు తగిన చోటు అనుకుంటుంది. ఇంక బయటికి రాదు. నాకు అదే భయం."

ఆయన మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. అంతకన్నా చేయగలిగింది కనపడలేదు.

*

మర్నాడు పొద్దున్నే హెడ్ కానిస్టేబుల్ చిన్నమ్మని ముఖం కడుక్కోవడానికి తీసుకెళ్లింది. వరండా చివర వాష్‌బేసిన్. ఇన్‌స్పెక్టర్ తన గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

చిన్నమ్మ నడక వింతగా ఉంది. కాళ్లు ఎడంగా వేస్తోంది. చూపు నేల మీదనుంచి తీయడం లేదు. ప్రతి అడుగూ చూసి మరీ పెడుతోంది.

కుళాయి తిప్పింది. ముఖానికి సబ్బు రాసుకుంది. కళ్లు మూసుకుంది.

అంతే. నరికిన చెట్టులా ముందుకి ఒరిగిపోయింది. నుదురు అద్దానికి కొట్టుకుంది. హెడ్ కానిస్టేబుల్ నడుం పట్టుకోకపోతే నేలమీద పడేదే.

"నాటకాలా?" హెడ్ కానిస్టేబుల్ గసిరింది. "నిలబడ్డచోట పడిపోయేదానివి, పెద్దమనిషిని ఎలా తోశావమ్మా?"

కోపంలో అన్న మాట. ఇన్‌స్పెక్టర్ చెవిలో గంటలా మోగింది.

నిన్న పైమెట్టు మీద తను కూడా కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాడు. పడలేదు. పడతానన్న ఆలోచనే రాలేదు.

"అమ్మా, ఇలా రండి. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడండి."

నిలబడింది.

"ఇప్పుడు కళ్లు మూసుకోండి. మేం పట్టుకుంటాం."

మూసుకుంది. ఒక్క క్షణం. తర్వాత ఒళ్లంతా తూలి, హెడ్ కానిస్టేబుల్ చేతుల్లో వాలిపోయింది.

"కాళ్ల కింద నేల తెలుస్తోందా?"

"దూది మీద నిలబడ్డట్టుంటుంది బాబూ. చాన్నాళ్లుగా అంతే."

"ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పడానికి ఇదేం గొప్పా?"

ఆయన ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ గంటలో వచ్చింది. అప్పటికి కూతురు కూడా స్టేషన్‌కి చేరుకుంది. చిన్నమ్మ నాలుక చూసింది. ఎర్రగా, నున్నగా ఉంది. గుండుసూదితో పాదాల మీద గుచ్చింది. చిన్నమ్మ కదల్లేదు. అరచేతిలో పొక్కుల పక్కన గుచ్చింది. అప్పుడూ కదల్లేదు.

"పాలు తాగుతారామ్మా?" డాక్టర్ అడిగింది.

"తాగను."

"పెరుగు? గుడ్లు? చేపలు? మాంసం?"

"తినను. మొక్కు."

కూతురు తలెత్తింది. "ఏం మొక్కు? నీకు పడదన్నావు కదా. వాసన గిట్టదన్నావు కదా!"

చిన్నమ్మ నేల చూసింది. "నీకు బడిలో ఉన్నప్పుడు మెదడు జ్వరమొచ్చింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ప్రాణమున్న జీవి ఇచ్చింది ఏదీ నోట పెట్టనని దేవుడితో అన్నాను. నువ్వు కళ్లు తెరిచావు."

కూతురు తల్లి పక్కన చతికిలబడింది.

ఇన్‌స్పెక్టర్ కూడా మొక్కులున్న మనిషే. ఆయన జేబులో చిన్న దేవుడి పటం ఉంటుంది. పిల్ల బతికినందుకు ఆ దేవుడికి ఆయన మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. స్వామీ, పిల్లని ఇచ్చినవాడివి, తల్లిని ఎందుకు తీసుకుంటున్నావు? నువ్వు అడిగావా ఇది? అడగనిది ఆమె ఇస్తుంటే, వద్దనడానికి నీకు నోరు లేదా?

డాక్టర్ రక్తం తీసుకుంది. "రిపోర్టు మధ్యాహ్నానికి ఇప్పిస్తాను. నేను అనుకుంటున్నది నిజమైతే, ఈవిడ చీకట్లో ఒక్క మెట్టు కూడా దిగలేదు."

*

మధ్యాహ్నం అందరూ లాండ్రీలో చేరారు. చనిపోయినాయన కొడుకు, ఆవిరి తాత, చిన్నమ్మ, కూతురు, డాక్టర్, హెడ్ కానిస్టేబుల్. యంత్రాలు ఆగి ఉన్నాయి. తడిబట్టల వాసన మాత్రం పోలేదు.

"ఒప్పుకుంది కదా సార్," కొడుకు విసుక్కున్నాడు. "మళ్లీ ఈ తతంగం ఎందుకు?"

"మీ నాన్న ఎలా పోయాడో మీకు తెలియాలి కదా బాబూ."

ఇన్‌స్పెక్టర్ చిన్నమ్మని పైమెట్టు దగ్గరికి తీసుకొచ్చాడు. ఒక పక్క హెడ్ కానిస్టేబుల్, ఇంకో పక్క తను. "అమ్మా, నిన్న దిగినట్టే దిగండి." తాతకి సైగ చేశాడు. తాత మెట్ల లైటు ఆపేశాడు.

చీకటి.

ఒక అడుగు. బట్టల గరగర. "అమ్మో!" అని హెడ్ కానిస్టేబుల్ కేక.

లైటు వెలిగింది. చిన్నమ్మ మొదటి మెట్టు మీదే ఇద్దరి చేతుల్లో వేలాడుతోంది.

"ఈవిడ మధ్య మెట్టు దాకా దిగి, మనిషిని తోసి, మళ్లీ పైకి ఎక్కి వచ్చిందట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అది కూడా కటిక చీకట్లో."

"మరి పైపు పట్టుకుని చెయ్యి కాల్చుకుంది కదా!"

"పైపు పట్టుకుంటే అరచేతికి అడ్డంగా గీత పడుతుంది. ఈ గాయం చూడండి. ఒకవైపు వెడల్పు. ఇంకోవైపు మొన తేలి ఉంది. ఇది ఇస్త్రీ పెట్టె. తాతా, చెయ్యి ఎప్పుడు కాలింది?"

"పొద్దున్నే సార్. మాడువాసన వస్తే కోటు మాడుతోందనుకుని అయ్యగారు పరుగెత్తారు. కోటు మాడింది నిజమే. ఆ పెట్టె కిందే చిన్నమ్మగారి అరచెయ్యి కూడా ఉంది. ఆవిడేమో కిటికీలోంచి చూస్తోంది. అయ్యగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకే అంత కేకలేశారు."

"నిన్న చెప్పవేం?"

"నిన్న మీరు లైట్ల సంగతి అడిగారు సార్. చేతి సంగతి అడగలేదు."

కొడుకు మొహం మారింది. "అయితే నాన్న అరిచింది..."

"భయపడి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

హెడ్ కానిస్టేబుల్ సీలు వేసిన సంచి విప్పి తెల్లటి దుప్పటి బల్ల మీద పరిచింది. అంచున మట్టి అచ్చు. బూటు అడుగు. ఇన్‌స్పెక్టర్ దాని పక్కన చనిపోయినాయన ఎడమ బూటు పెట్టాడు. గీత గీతకీ సరిపోయింది.

"నిన్న ఈ దుప్పటిని మడత పెట్టి సంచిలో వేసేశాం. ఒప్పుకోలు దొరికిందని విప్పి చూడలేదు. మూట ముడి జారింది. వేలాడుతున్న దుప్పటిని ఆయనే తొక్కాడు. చీకట్లో చూసుకోలేదు. తొక్కిన దుప్పటిని మూట ముందుకి లాగింది. బూటు ఊడింది. మనిషి పోయాడు. ఎవరూ తొయ్యలేదు."

కొడుకు ఆ బూటునే చూస్తున్నాడు.

"కానీ నాన్న మూటలు మోసి ఏళ్లయింది," అన్నాడు. "అది పిన్ని పని కదా?"

తాత తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు. "నెల్లాళ్లుగా అయ్యగారే మోస్తున్నారు బాబూ. చిన్నమ్మగారు మెట్ల మీద తూలుతోందని చూశారు. నీకు చెప్పొద్దన్నారు. చెబితే పని మాన్పించేస్తావని."

కొడుకు గోడకి ఆనుకుని ముఖం కప్పుకున్నాడు.

"చూశారా," అంది చిన్నమ్మ. నిన్నటినుంచీ మొదటిసారి ఆమె గొంతులో ప్రాణం వచ్చింది. "నా మూట మోస్తూ పోయాడు. నేనే కదా చంపింది."

ఆ మాటకి ఏ సెక్షన్‌లోనూ జవాబు లేదు.

డాక్టర్ రిపోర్టు తీసింది. "బి పన్నెండు విటమిన్. ఈవిడ ఒంట్లో దాదాపు లేనట్టే. ఇది ఆకుల్లో, గింజల్లో దొరకదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసం, లేకపోతే మందు. ఒంట్లో దాచుకున్నది కొన్నేళ్లు వస్తుంది. అది అయిపోయాక నరాల మీది పొర అరిగిపోతుంది. మన కాళ్లు మనకి తెలియకుండానే నేలని పసిగడుతుంటాయి. ఈవిడ కాళ్లకి ఆ తెలివి పోయింది. కళ్లతో చూసుకుంటూ నడుస్తోంది. మనసు నడిచేది కూడా నరాల మీదే కదా. దిగులు, మతిమరుపు, చెయ్యని పాపాలు చేశాననుకోవడం, అన్నీ దీనివల్ల రావచ్చు. దిగులున్న ప్రతివాళ్లకీ ఇదే కారణమని కాదు. ఈవిడ విషయంలో మాత్రం ఎవరూ చూడలేదు."

"రక్తం బాగానే ఉందన్నారు కదండీ!" కూతురు అంది.

"ఏం టానిక్ పట్టించావు?"

కూతురు సంచిలోంచి సీసా తీసింది. డాక్టర్ దాని మీది చీటీ చదివి నిట్టూర్చింది. "ఫోలిక్ యాసిడ్. ఇది కూడా బి విటమినే. మంచి మందే. కానీ బి పన్నెండు లేనప్పుడు ఇది ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. అందుకే మామూలు పరీక్షలో దొరకలేదు."

కూతురు సీసా లాక్కుని చీటీ చూసింది. "నేనే పోశానా? రోజూ రెండుపూటలా నేనే..."

"అమ్మాయ్," ఇన్‌స్పెక్టర్ గట్టిగా అన్నాడు. "ఈ ఇంట్లో ఒకళ్లు ఒప్పుకున్నది చాలు. నువ్వు మొదలుపెట్టకు."

డాక్టర్ సిరంజి సిద్ధం చేసింది. "ఇవాళే మొదలుపెట్టాలి. పాత మాత్రలు కూడా మానకూడదు."

"పూర్తిగా నయమవుతుందా?"

"మనసు తేరుకోవచ్చు. కాళ్ల సంగతి చెప్పలేను. ఆలస్యమైంది."

చిన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు."

"ఇది జంతువులది కాదమ్మా. కంటికి కనపడని క్రిముల్ని తొట్టెల్లో పెంచి తీస్తారు. నీ మొక్కు చెడదు."

"మొక్కు గురించి కాదు తల్లీ. బాగుపడే అర్హత నాకు లేదు. నాకు శిక్ష వేయండి. బాబూ, నన్ను తీసుకెళ్లిపోండి."

"అమ్మా, నాకోసం!" కూతురు ఆమె మోకాళ్లు పట్టుకుంది. చిన్నమ్మ ఆ తల నిమిరింది. దూరంగా ఉన్న వస్తువుని నిమిరినట్టు. చెయ్యి మాత్రం చాపలేదు.

కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "పిన్నీ, నేను నిన్ను..." అని, మిగతాది అనలేక పక్కకి తప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నీరుగారిపోయాడు. కేసు తేలిపోయింది. నేరస్థుడు లేడు. విడిపిస్తే వెళ్లని ఖైదీ మాత్రం ఎదురుగా కూచుని ఉంది. రుజువులు ఆమెకి పట్టవు. కూతురి కన్నీళ్లు కూడా పట్టడం లేదు. ఆమెకి అర్థమయ్యే మాట ఒక్కటే మిగిలింది.

జేబులో దేవుడి పటం మీద చెయ్యి వేసుకున్నాడు. క్షమించు స్వామీ, అనుకున్నాడు. స్టూలు లాక్కుని ఆమె ముందు కూచున్నాడు.

"సరేనమ్మా. శిక్ష కావాలన్నారు కదా. వినండి. మీరు ఆసుపత్రికి రావాలి. వాళ్లు పిలిచినప్పుడల్లా రావాలి. సూది వేయించుకోవాలి. వానొచ్చినా, లేవబుద్ధి కాకపోయినా, బతకడం దండగనిపించినా రావాలి. తప్పించుకోవడానికి వీల్లేదు. మీ అమ్మాయి కాపలా."

చిన్నమ్మ తలెత్తింది. ఆయన కళ్లలోకి చూసింది.

"ఎన్నాళ్లు?"

ఇన్‌స్పెక్టర్ డాక్టర్ వైపు చూశాడు. డాక్టర్ మెల్లగా తలూపింది.

"బతికినంతకాలం," అన్నాడు.

చిన్నమ్మ ఆలోచించింది. న్యాయంగానే ఉందన్నట్టు ఒక నిట్టూర్పు విడిచింది. చీర చెంగు తప్పించి, చెయ్యి ముందుకి చాపింది.

సూది దిగింది. ఆమె ఆ చేతినే కన్నార్పకుండా చూస్తోంది. నొప్పి కోసం ఎదురుచూస్తున్నట్టు.

"ఏమైనా తెలిసిందామ్మా?" కూతురు అడిగింది.

"లేదే," అంది చిన్నమ్మ. "ఇంకా లేదు."